వాండరర్ ఎక్కిన పగటివేషగాడు

1997లో న్యూజెర్సీలో, రాత్రి పదకొండు దాటాక మా గదిలో టీవీ నాది. అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు. చల్లారిన అన్నంలో ఆవకాయ కలుపుకుని, పాత సీరియళ్లు తిప్పితిప్పి వేసే ఛానెల్ పెట్టుకునేవాణ్ణి. అలా కంటపడింది ‘ది వైల్డ్ వైల్డ్ వెస్ట్’. నాతో ఉండే గుంటూరు కుర్రాడు ఒకరాత్రి కళ్లు నులుముకుంటూ వచ్చి ఐదు నిమిషాలు చూసి, “అన్నా, ఇది మన కృష్ణ సినిమా కాదూ?” అన్నాడు.

వాడి తప్పేం లేదు. ‘గూఢచారి 116’లో గూఢచారి అయిన కృష్ణ, 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో టోపీ పెట్టి గుర్రమెక్కాడు. ఆ ఇద్దర్నీ కలిపి ఒక మనిషిని చేస్తే ఈ సీరియల్ హీరో జేమ్స్ వెస్ట్. అతని చొక్కా మాత్రం కృష్ణ చొక్కా కంటే బిగుతు.

ఈ సీరియల్ తయారుచేసిన మైకేల్ గారిసన్‌కి జేమ్స్ బాండ్ మీద పాత మోజు ఉంది. 1950లలోనే గ్రెగరీ రాటాఫ్‌తో కలిసి ‘కాసినో రాయల్’ సినిమా హక్కులు సంపాదించాడు. ఆ సినిమా మాత్రం తీయలేకపోయాడు. అప్పుడు బాండ్‌నే గుర్రమెక్కించి, నూరేళ్లు వెనక్కి, గ్రాంట్ అధ్యక్షుడుగా ఉన్న 1870ల అమెరికాకి తోలేశాడు. 1965 సెప్టెంబరులో సీబీఎస్‌లో మొదలైంది. మరుసటేడు ఆగస్టులో గారిసన్ తన ఇంట్లో మెట్ల మీంచి పడి చనిపోయాడు. సీరియల్ మాత్రం 104 ఎపిసోడ్లు నడిచింది. మొదటి ఏడాది నలుపు తెలుపు, తర్వాతవన్నీ రంగులు. నాకెందుకో నలుపు తెలుపువే ఎక్కువ ఇష్టం.

వెస్ట్‌కి సొంత రైలుంది. పేరు వాండరర్. దాంట్లో తుపాకులు దాచే అరలు, కబురు తీసుకుపోయే పావురాలు. అతని చొక్కా చేతిలో స్ప్రింగు మీద చిన్న పిస్తోలు, బూటు మడమలో పేలుడు మందు. ప్రతి ఎపిసోడ్ పేరూ ‘ది నైట్ ఆఫ్’ అనే మొదలయ్యేది. ప్రకటనల ముందు చక్కటి పని ఒకటి చేసేవాళ్లు. హీరో ఎక్కడో వేలాడుతూ ఉండగా బొమ్మ ఆగిపోయి, మెల్లిగా గీతల చిత్రంగా మారి, తెర మీద ఒక మూల గడిలో కూర్చునేది. అంకానికో గడి చొప్పున కథ ముగిసేసరికి నాలుగు మూలలూ నిండేవి. ఆ గడి నిండేదాకా నేను లేచి చెయ్యి కడుక్కునేవాణ్ణి కాదు.

అయితే నేను కూర్చున్నది వెస్ట్ కోసం కాదు. వెస్ట్ వేసిన రాబర్ట్ కాన్రాడ్ బాగానే దూకుతాడు, బాగానే తంతాడు. నేను కనిపెట్టుకుని ఉన్నది పక్కనుండే ఆర్టెమస్ గోర్డన్ కోసం. ఒక వారం ముసలి పాదిరీ, ఒక వారం జర్మన్ దొర, ఒక వారం తాగుబోతు. గోర్డన్‌గా వేసిన రాస్ మార్టిన్ ఆ వేషాల బొమ్మలు ముందు తనే గీసుకుని మేకప్ వాళ్లతో కూర్చుని తయారయ్యేవాడట. పోలండులో పుట్టి చిన్నప్పుడే న్యూయార్క్ చేరిన మనిషి. ఇంగ్లీషు కంటే ముందు వచ్చిన భాషలు మూడు. యాసలు మార్చడం అతనికి చొక్కా మార్చుకున్నంత పని.

అతన్ని చూసినప్పుడల్లా మా ఊరు గుర్తొచ్చేది. కృష్ణా జిల్లాలో, కుప్పలు నూర్చాక, పగటివేషగాళ్లు దిగేవారు. ఏ సత్రంలోనో వారం పదిరోజులు మకాం. రోజుకో వేషం. సింగీ సింగడూ, ఫకీరు, సోమయాజులూ సోమిదేవమ్మా. అర్ధనారీశ్వర వేషం రోజున మాత్రం ఊరంతా కదిలేది. ఒకే మొహంలో ఒకవైపు శివుడు, ఒకవైపు పార్వతి. మధ్యలో చిన్న తెర అటూ ఇటూ జరుగుతుంటే ఒక్క మనిషే ఇద్దరయ్యేవాడు. పెద్దవాళ్లకి అదే గొప్ప. నాకు మాత్రం అన్నిటికంటే గొప్ప రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వేషం. ఖాకీ నిక్కరు, చంకలో దస్త్రం. తిన్నగా మా అరుగు ముందుకొచ్చి, “శిస్తు బకాయి ఎన్నేళ్లది తాతగారూ?” అన్నాడు. మా తాతయ్య లేచి నిలబడి, కండువా భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని, “దయచేయండి, మజ్జిగ పుచ్చుకుందురుగాని,” అన్నాడు. వీధిలో పిల్లలు ఘొల్లుమన్నాక గాని తెలియలేదు. తాతయ్య నవ్వలేదు. మూడు రోజులు నవ్వలేదు.

వాండరర్‌లో గోర్డన్ మీసం ఊడదీసినప్పుడల్లా నాకు ఆ దస్త్రం కనపడేది. విలన్ డాక్టర్ లవ్‌లెస్ కూడా ఆ బాపతే. వేసిన మైకేల్ డన్ మరుగుజ్జు, నాలుగడుగులు లేడు. అతను నోరు తెరిస్తే వెస్ట్ కూడా వింటూ నిలబడతాడు. అతనున్నవి పది ఎపిసోడ్లే. నాకు అన్నిట్లోనూ ఉన్నట్టు అనిపించేది.

దెబ్బలు మాత్రం వేషం కాదు. 1968 జనవరిలో కాన్రాడ్ షాండ్లియర్ పట్టుకుని ఊగుతూ జారి, పన్నెండడుగుల ఎత్తు నుంచి కాంక్రీటు మీద పడ్డాడు. పుర్రె చిట్లింది. ఆ ఏటికి షూటింగ్ అక్కడితో సరి. మార్టిన్‌కి కాలు విరిగింది, ఆ ఆగస్టులో గుండెపోటు వచ్చింది. కొన్నాళ్లు గోర్డన్ వాషింగ్టన్‌లో పని మీద ఉన్నాడని చెప్పి, వేరేవాళ్లని రైలెక్కించారు. ఆ ఎపిసోడ్లు వచ్చిన రాత్రి నేను త్వరగా పడుకునేవాణ్ణి. 1968 అంటే మార్టిన్ లూథర్ కింగ్‌నీ రాబర్ట్ కెనెడీనీ చంపిన ఏడు. టీవీలో తన్నులాటల మీద సెనేటులో గొడవ రేగింది. చూసేవాళ్లు తగ్గకపోయినా 1969లో సీరియల్ ఆపేశారు.

చాలా ఏళ్లకి నెవాడాలో కార్సన్ సిటీ వెళ్లాను. అక్కడి రైల్వే మ్యూజియంలో ‘ఇన్యో’ ఉంది, 1875లో బాల్డ్విన్ వాళ్లు చేసిన ఆవిరి ఇంజను. మొదటి ఎపిసోడ్‌లో వేరే ఇంజను వాడి, తర్వాత దీన్ని వాండరర్ చేశారు. నున్నగా తుడిచి పెట్టారు. వెనకాల పెట్టె కోసం వెతికాను. పావురాలున్న ఆ గది స్టూడియోలో వేసిన సెట్టని నాకు తెలుసు, అయినా వెతికాను. మా అమ్మాయి, “ఏం చూస్తున్నావు నాన్నా?” అంది.

మకాం ఎత్తేసే రోజు పగటివేషగాళ్లు సంభావనకి వచ్చేవారు, ఆ రోజు ఒంటిమీద ఏ వేషమూ లేకుండా. ఇన్‌స్పెక్టరు కడిగిన మొహంతో మా గుమ్మంలో నిలబడ్డాడు. సన్నటి మనిషి, చొక్కాకి పైగుండీ లేదు. మా నాయనమ్మ చేటలో ధాన్యం తెచ్చి, ఎవరో పోల్చుకోలేక తాతయ్య వంక చూసింది. “ఇన్‌స్పెక్టరుగారే, ఇంకో చేట పొయ్యి,” అన్నాడు తాతయ్య.