గుండ్లకమ్మ ఒడ్డున

ఒంగోలు నుంచి ఉత్తరంగా పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి ఉంది. నెల్లూరు నుంచి తీరం వెంబడి సాగిన నా ప్రయాణానికి ఆ ఊరే గమ్యం. నెల్లూరులో పాత మిషను ఆవరణలు, రామాయపట్నంలో ఉప్పుగాలి, వేదాంత పాఠశాల చూశాను. అవి మనసులో నిలవలేదని కాదు. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. వెల్లంపల్లి గురించి మాత్రం ఒక అంకె చెప్పి దాటిపోవడమే అలవాటైంది. 1878 జూలై 3న ఒక్క రోజులో ఇక్కడ 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె గొప్పదే. దాని వెనక ఉన్న నిర్ణయాలు అంతకంటే గొప్పవి. మనుషులు దేవుని నడిపింపు అని దేన్ని అంటారు, అది నిజంగా దేవుని నుంచే వచ్చిందని ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్నకు తెలుగు నేల ఇచ్చిన జవాబు ఈ ఏటి ఒడ్డున ఉందని నేను నమ్ముతున్నాను.

ముందు ఒంగోలు కొండ సంగతి. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఐదుగురు ఈ కొండెక్కారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నెల్లూరు సంఘానికి చెందిన నరసు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక సువార్తికుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగి దిగిపోయారు. పుస్తకాల్లో దీనికి ప్రేయర్ మీటింగ్ హిల్ అని పేరు. ఇప్పుడు పైకెక్కి చూస్తే నాలుగు వైపులా ఒంగోలు డాబాలు, సెల్ టవర్లు, ఎండ. ఎక్కడం పెద్ద కష్టమేమీ కాదు కానీ పొద్దెక్కితే రాయి కాలిపోతుంది. వాళ్లు తెల్లవారుజామునే ఎందుకు వచ్చారో వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ నన్ను ఆపేది ఆ ప్రార్థన నెరవేరడం కంటే, నెరవేరకుండా ఉండిపోయిన కాలం. తెలుగువారి మధ్య అమెరికన్ బాప్టిస్టుల పని 1836లో శామ్యూల్ డే రాకతో మొదలైంది. పదిహేడేళ్ల తర్వాత కూడా చెప్పుకోదగ్గ ఫలం లేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషను మూసేద్దామన్నారు. పటం మీద నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందన్న మాట అక్కడ పుట్టింది. లోన్ స్టార్ మిషన్ అన్న పేరు అలా వచ్చింది. 1862లో మళ్లీ మూసేద్దామంటే, ఎవరు తోడు రాకపోయినా తాను నెల్లూరుకు తిరిగి వెళ్తానని జ్యూయెట్ పట్టుబట్టాడు. కొండ మీద అడిగిన మనిషి జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఆయన పుట్టింది సరిగ్గా 1836లోనే.

నడిపింపు అనేది అంతా అయ్యాక కూర్చుకునే కథ అని ఆక్షేపించేవారు ఉన్నారు. ఫలించినవాటికి దేవుని పేరు పెడతారు, ఫలించనివాటిని మరిచిపోతారు అంటారు. బలమైన ఆక్షేపణే. చాలా సాక్ష్యాల విషయంలో అది నిజం కూడా. కానీ 1862లో జ్యూయెట్ చేతిలో కథ లేదు. ఉన్నదల్లా పాతికేళ్ల వైఫల్యం, మూసేద్దామంటున్న కమిటీ, ఒక కొండ మీద చేసిన ప్రార్థన. జరిగినదాన్ని తర్వాత వివరించడం వేరు, జరగకముందే దానికి కట్టుబడి ఉండటం వేరు. నడిపింపు గురించి మాట్లాడేటప్పుడు నేను ఆ రెండోదాన్నే లెక్కలోకి తీసుకుంటాను.

ఇక యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలు చరిత్రలో నాకు అందరికంటే దగ్గరగా అనిపించే మనిషి ఆయనే. మాదిగ కులస్థుడు. చదువు లేదు. రాజయోగం అభ్యసించి, తనకంటూ శిష్యులను సంపాదించుకున్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట క్రీస్తు మాట విన్నాడు. క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టేనాటికే పేరయ్య తన వాళ్లకు ఆ మాట చెప్పడం మొదలుపెట్టాడు. 1867 తొలి రోజుల్లో క్లౌ ఒంగోలు నుంచి 40 మైళ్లు ప్రయాణించి పేరయ్య ప్రాంతానికి వెళితే, అక్కడ సిద్ధంగా ఉన్నవారు దొర మాట విని మారినవాళ్లు కాదు, పేరయ్య బంధువులు, శిష్యులు. సువార్త అక్కడికి తోళ్ల వ్యాపారపు దారుల వెంట, మేనరికాల వెంట నడిచి వచ్చింది. క్రైస్తవం తెల్లదొరలు తెచ్చి అంటగట్టిన మతం అనేవారు పేరయ్యను ఎక్కడ ఉంచుతారో నాకు అర్థం కాదు. గురువు కోసం, మోక్షం కోసం వెతుకుతూ తిరిగిన తెలుగు మనిషి తన వెతుకులాట ఎక్కడ ముగిసిందో తన వాళ్లకు చెప్పుకున్నాడు. అలా చెప్పుకునే హక్కు దొరకు ఉండి పేరయ్యకు లేకుండా పోదు కదా.

కానీ పేరయ్య రాకతో క్లౌకు చిక్కు వచ్చిపడింది. ఒంగోలులో ఆయన పెట్టిన బడికి బ్రాహ్మణుల పిల్లలు, కోమట్ల పిల్లలు వస్తున్నారు. పెద్ద కులాలు ముందు నమ్మితే మిగతావాళ్లు వాళ్ల వెనకే వస్తారన్నది ఆనాటి మిషనరీల లెక్క. ఆ లెక్కలో తెలివి లేకపోలేదు. ఇప్పుడు మాదిగలను చేర్చుకుంటే పెద్ద కులాలవారు వెళ్లిపోతారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం వచ్చింది. లోకం లెక్కచేయనివారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు అది. ఇంకో గదిలో ఆయన భార్య హారియెట్ కూడా అదే భాగం దగ్గర ఆగింది. మాదిగలు సంఘంలోకి వచ్చారు. పెద్ద కులాల పిల్లలు బడి విడిచిపెట్టారు.

బైబిలు తెరిచి కంటబడిన వచనాన్ని ఆజ్ఞగా తీసుకోవడం సోది చూడటంతో సమానం అంటారు. ఆ అలవాటును నేను సమర్థించను. పెళ్లి ముహూర్తానికీ, ఇల్లు కొనడానికీ అలా వేలు పెట్టి చూసుకునే విశ్వాసులు మనలో ఉన్నారు, అది మంచిది కాదు. కానీ క్లౌ దంపతులకు దొరికిన జవాబు వాళ్లు కోరుకున్నది కాదు. వాళ్ల బడిని, పరపతిని, రాబోయే ఏళ్ల ప్రణాళికను అది తుడిచిపెట్టింది. మన కోరికనే దేవుని గొంతు అనుకోవడం తేలిక. మన కోరికకు అడ్డం వచ్చి, మనం బయట నిలబెట్టినవాళ్లకు తలుపు తీయమనే మాటను కోరికలోంచి పుట్టిందని అనడం కష్టం. నడిపింపును పరీక్షించడానికి నాకు తెలిసిన గట్టి కొలత ఇదే. అది ఎవరిని లోపలికి తెస్తోంది? నా వాళ్లను మాత్రమే అయితే అనుమానించాల్సిందే. సువార్త ‘అందరికీ’ చెప్పమన్న ఆజ్ఞకూ ‘నడిపింపు’ అన్న అనుభవానికీ మధ్య ఒంగోలు చరిత్రలో ఖాళీ కనబడదు. దేవుడు నడిపించిన ప్రతిసారీ హద్దు ఇంకాస్త బయటికి జరిగింది.

సంఘంలో చేరినవాళ్లకు నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి చిన్నవే. పల్లెలో వాటి అర్థం వేరు. మాదిగ ఇల్లు రైతు దగ్గర కట్టుబడి బతికేది. మోటబావికి తోలు బొక్కెనలు కుట్టాలి, చెప్పులు కుట్టాలి, జాతరకు డప్పు కొట్టాలి. బదులుగా కళ్లంలో గింజలు, చచ్చిన గొడ్డు. డప్పు కొట్టనన్నవాడికి కళ్లంలో గింజ లేదు. ఆదివారం రానన్నవాడికి సోమవారం పని లేదు. కొన్ని ఊళ్లలో బావులు మూశారు, కొట్టారు, దొంగతనాలు అంటగట్టారు. ఇదంతా కరువుకు ముందే జరిగింది. కూటి కోసం మతం మారారన్న మాట నోటికి వచ్చినప్పుడు, కూడు పోగొట్టుకుని మారిన ఈ పదేళ్లు కూడా గుర్తుకు రావాలి.

తర్వాత వచ్చింది ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసింది. కరువు పనుల్లో మేస్త్రీలు మాదిగలను హీనంగా చూసేవారు. క్లౌ యువకుడిగా సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. వేల మంది పార పట్టారు, గంప మోశారు, కూలి తీసుకున్నారు. సాయంత్రం గుంపుగా కూర్చున్నవారికి బోధకులు క్రీస్తు సంగతి చెప్పేవారు. ఆ కాలువ ఇప్పుడు పూడిపోయి, తుమ్మచెట్ల మధ్య నల్లటి నీళ్లతో చాలాచోట్ల మురుగు గుంటలా ఉంది. చూడటానికి బాధగా ఉంటుంది. 2004 సునామీ రోజున తీరం వెంట చాలా చోట్ల సముద్రపు నీటిని కొంత తనలో పట్టుకున్నది కూడా ఈ కాలువే.

కూటి కోసం మారారన్న ఆక్షేపణకు ఇక్కడ జరిగిన ఒక్క సంగతి జవాబు. కాలువ పని, కరువు సాయం సాగినంతకాలం, పదిహేను నెలలపాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. అడిగేవాళ్లు వందల్లో ఉన్నారు. అంకెల కోసం ఆశపడేవాడు చేసే పని కాదిది. 1878 వేసవి చివర, సాయం ముగింపుకు వచ్చాక, క్రైస్తవులను వెల్లంపల్లికి రమ్మన్నాడు. ఒంగోలులో మశూచి ఉంది, అందుకే ఊరికి దూరంగా చింతతోపుల కింద. విశ్వాసులను పిలిస్తే జనం వేలల్లో వచ్చారు. మీకివ్వడానికి నా దగ్గర డబ్బు లేదు, తిరిగి వెళ్లండని ఆయన చెప్పాడు. వాళ్లు అరచేతులు చూపించారు. కాలువ తవ్వి బొబ్బలెక్కిన చేతులు. మేము అడుక్కోవడానికి రాలేదు, పని చేసుకునే బతికాం, చస్తే క్రైస్తవులుగా చస్తామన్నది వాళ్ల మాటల సారాంశం.

జూలై 2న 614 మంది. 3న ఉదయం ఆరు గంటలకే మొదలుపెట్టారు. ఇద్దరు బోధకులు నీళ్లలో నిలబడతారు. ఒడ్డున పేరు పిలుస్తారు. మనిషి దిగుతాడు, బోధకుడు నీట ముంచి లేపుతాడు, మనిషి అవతలి వైపు ఎక్కుతాడు. ఇద్దరూ అలసిపోతే ఇంకో ఇద్దరు దిగుతారు. ఎండ ముదిరాక ఆపి, మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టి, పొద్దుగూకే దాకా సాగించారు. నీళ్లలో దిగిన బోధకులు మొత్తం ఆరుగురు, ఆరుగురూ తెలుగువాళ్లు. క్లౌ ఆ రోజు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మర్నాడు 700. మూడు రోజుల లెక్క 3,536. ఇన్ని పేర్లు గొంతెత్తి పిలవడాన్ని ఊహించుకోండి. రేయ్ అనో, ఒసేయ్ అనో తప్ప ఊళ్లో ఎవరూ పిలవని మనుషులను పేరు పెట్టి పిలిచి, చేయి పట్టుకుని నీళ్లలోకి దింపారు. ఏడాది ముగిసేలోపు సంఘంలో చేరినవారు తొమ్మిది వేలు దాటారు. ఇప్పుడు ఎగువన మల్లవరం దగ్గర జలాశయం కట్టారు, ఏటి తీరు మారింది. ఇసుక, రెల్లు, పొలాలు. యాత్రాస్థలం హడావుడి నాకు అక్కడ అవసరం అనిపించలేదు.

ఆకలితో ఉన్నవాడి విశ్వాసాన్ని నమ్మగలమా అని ఇంకా అడగవచ్చు. కరువు ఎవరినీ తాకకుండా వదలలేదు, వచ్చినవారి మనసుల్లో రకరకాల కారణాలు కలిసే ఉంటాయి. అది ఒప్పుకుంటాను. అయితే కడుపు నిండినవాడి నమ్మకంలో కలగలుపు లేదని ఎవరన్నారు? అన్నం పెట్టిన చేతిని నమ్మడం మోసపోవడం కాదు. పెట్టడం మానేశాక కూడా నమ్మకం నిలిచిందా అన్నదే చూడాలి. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో అది ఐదారు తరాలు నిలిచింది. నష్టపోయి నిలిచింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సి కింద ఒక్క శాతంతో సరిపెట్టుకోవాలి. విశ్వాసం లాభసాటి బేరం అయితే ఈ లెక్క ఇలా ఉండదు.

అందరికీ చెప్పడం పొరుగువాడి మతాన్ని అవమానించడం కాదా అన్నది చివరి ఆక్షేపణ, నేను అన్నిటికంటే గౌరవించేది. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇచ్చింది. బలవంతంగానో, మోసంతోనో, ఆశ చూపించో మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్రైస్తవుడికి ఆ పరిమితి వల్ల నష్టం లేదు. బలవంతపు బాప్తిస్మం బాప్తిస్మమే కాదు. మైకు పెట్టి ఎదుటివారి దేవుళ్లను తిట్టేవారు సువార్త చెప్పడం లేదు, దానికి అడ్డు నిలుస్తున్నారు. తనకు మేలు చేసినదాని గురించి ఎదుటివాడికి చెప్పి, ఒప్పుకోవడమో మానడమో అతనికే వదిలేయడం మర్యాదే. నువ్వు ఈ మాటకు తగవు అని దాచిపెట్టడమే అవమానం. ఒంగోలులో పేరయ్య వాళ్లకు జరగబోయి తప్పిపోయింది అదే.

ఎవరినీ బయట ఉంచకూడదన్న మాటను తెలుగు సంఘం పూర్తిగా నిలబెట్టుకుందని చెప్పలేను. మాల చర్చి, మాదిగ చర్చి అని ఊళ్లలో వేరువేరుగా చెప్పుకోవడం ఇంకా ఉంది. పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి వెల్లంపల్లి ఎవరికీ గుర్తుండదు. దూరపు జిల్లాలకు సువార్త బృందాలను పంపుతున్న సంఘాలు నడిపింపు కోసం ఉపవాసాలు ఉండనక్కర్లేదు. వచ్చే ఆదివారం పక్క పేట సంఘాన్ని పిలిచి ప్రభువు బల్ల దగ్గర కలిసి కూర్చోవచ్చు. ఒక ఏడాది అలా చేశాక బృందాలను పంపమనండి, నేనూ కానుక వేస్తాను.