మున్నేటి ఒడ్డు నుంచి గోదారి ఒడ్డుకు

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారి ఒక ఏటి దగ్గర మొదలై ఒక మహానది దగ్గర ఆగుతుంది. ఖమ్మం పక్కన పారే మున్నేరు కృష్ణలో కలిసే నీరు. భద్రాచలం గోదావరి ఒడ్డున ఉంది. మధ్యలో దాదాపు 120 కిలోమీటర్లు. మొదట మిరప, పత్తి చేలు, తర్వాత బొగ్గు గనులు, ఆ తర్వాత టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి. రామదాసుగా మనకు తెలిసిన కంచర్ల గోపన్న పుట్టింది ఖమ్మం పక్కనున్న నేలకొండపల్లిలో. తహశీల్దారుగా పనిచేసింది పాల్వంచ పరగణాలో. గుడి కట్టించింది భద్రగిరి మీద. రామదాసు జీవితమంతా ఈ దారి పొడవునే నడిచింది. శ్రీరామనవమికి, ముక్కోటికి ఇప్పటికీ ఈ దారిన కాలినడకన వచ్చే భక్తులున్నారు.

నడిచేవాళ్లతో పుట్టిన ఈ దారిలో ఇవాళ నడిచేవాళ్లకే చోటు లేదు. దానికి కారణం రోడ్డు ఇరుకని చాలామంది అంటారు. నేను అలా అనుకోవడం లేదు. ఈ దారి ఊళ్ల మధ్య రహదారి, ఊరొచ్చేసరికి వీధి. రహదారిని ఒక శాఖ గీస్తుంది, వీధి నియమాలు ఇంకో శాఖ చేతిలో ఉంటాయి. ఆ రెండు గీతలూ కలవాల్సిన చోట ఎవరూ బాధ్యులు కారు. ప్రాణాలు పోతున్నది అక్కడే.

ఖమ్మంలో కాల్వొడ్డు దగ్గర నిజాం కాలపు పాత వంతెన ఉంది. దాని పక్కనే కొత్తగా తీగల వంతెన తలపెట్టారు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగినప్పుడు దిగువన ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోయారు. చివరికి ఒక జేసీబీ వెళ్లి వాళ్లను ఒడ్డుకు చేర్చింది. ఆ వరద తర్వాత ఊళ్లో మాటంతా కరకట్ట గోడల గురించే. గోడలు కావాలి, కాదనను. కానీ వీధి కూడా నీటి దారే. ఇంటి ముందు సైడు కాల్వ మీద బండలు పరిచి, వాటి మీద ర్యాంపు పోసి, దాని పైన షాపు మెట్లు కట్టాక వాననీరు పోయే చోటు రోడ్డు ఒక్కటే మిగులుతుంది.

వీధి నియమాలు మనకు లేవా అంటే ఉన్నాయి. 2012లో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నియమాల ప్రకారం భవనం ఎంత ఎత్తు లేపుకోవచ్చన్నది ఇంటి ముందు రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. రోడ్డు వెడల్పుకు స్థలం వదిలిన యజమానికి సెట్‌బ్యాకుల్లో సడలింపో, బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కో దొరుకుతుంది. అంటే రోడ్డు వెడల్పు వల్ల యజమానికి అంతస్తులు పెరుగుతాయి. ఆ పెరిగిన వెడల్పులో నడిచేవాడి వాటా ఎంత? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో దానికి జవాబుంది: ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల ఫుట్‌పాత్, 150 మిల్లీమీటర్లకు మించని అంచు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమే అంది.

ఇప్పుడు ఖమ్మం వైరా రోడ్డులో ఆ 1.8 మీటర్లు వెతకండి. ఒక చోట ట్రాన్స్‌ఫార్మర్ గద్దె. నాలుగడుగులు వేస్తే టిఫిన్ బండి, దాని పక్కన వరసగా బైకులు. ఫుట్‌పాత్ కనిపించిన చోట అంచు మోకాలెత్తున ఉంటుంది, ముసలమ్మ ఎక్కలేదు. ఎక్కినా పది గజాల్లో ర్యాంపు కోసం తెగ్గొట్టి ఉంటుంది, మళ్లీ దిగాలి. అందుకే జనం రోడ్డు మీదే నడుస్తారు. వాళ్లకు క్రమశిక్షణ లేదని తిట్టేవాళ్లు ఒక్కసారి చేతిలో రెండు సంచులతో ఆ ఫుట్‌పాత్ మీద నడిచి చూడాలి. టిఫిన్ బండి వాడి తప్పూ కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం అతని జీవనాన్ని కాపాడమంది, పట్టణ వెండింగ్ కమిటీతో చోటు చూపించమంది. చోటు గీయకుండా బండి తీసేయడం ఆ చట్టాన్ని సగమే చదవడం.

ఈ మధ్య కాలంలో ఖమ్మం బయటికి జరుగుతోంది. 2021లో కొత్త బస్టాండు బైపాస్ రోడ్డుకు పోయింది. 2023 జనవరిలో కలెక్టరేట్ వైరా రోడ్డులోని వి.వెంకటాయపాలెం చేరింది. కలెక్టరేట్‌కు కార్లలో వచ్చేవాళ్లకంటే ప్రజావాణి అర్జీ పట్టుకుని బస్సు దిగేవాళ్లే ఎక్కువ. ఆఫీసు రహదారి పక్కకు పోయినప్పుడు దానితోపాటు నడకదారి, రోడ్డు దాటే చోటు, నీడున్న బస్సు షెల్టర్ కూడా పోవాలి. భవనం ప్లానులోనే వాటిని గీస్తే ఖర్చు కొంచెమే. తర్వాత చేర్చాలంటే ప్రతిదానికీ ఒక ఫైలు.

సూర్యాపేట నుంచి ఖమ్మం వరకు 59 కిలోమీటర్ల నాలుగు వరసల రహదారిని 2023 అక్టోబర్‌లో జాతికి అంకితం చేశారు. ఖమ్మం నుంచి దేవరపల్లికి 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు ఊళ్లను తాకకుండా పోతుంది. గ్రానైటు బండలు మోసే ట్రాలీలు, సరుకు లారీలు ఆ దారి పడితే పాత వైరా రోడ్డు మీద బరువు తగ్గుతుంది. అలా తగ్గిన రోజు పాత రోడ్డును ఊరికి తిరిగి అప్పజెప్పాలి. నడకదారి, చెట్లు, సైకిళ్లకు చోటు అప్పుడు వస్తాయి. బైపాస్ వేయడం సగం పనే. పాత రోడ్డును వీధిగా మార్చినప్పుడే అది పూర్తవుతుంది. ఆ రెండో సగానికి మన బడ్జెట్లలో పద్దు ఉండదు.

కొణిజర్ల దాటి పల్లిపాడు దగ్గర దారి ఏన్కూరు వైపు తిరుగుతుంది. అక్కడి నుంచి ఏన్కూరు, జూలూరుపాడు, సుజాతనగర్ మీదుగా కొత్తగూడెం. ఊళ్లన్నీ రోడ్డుకు అటూ ఇటూ పరుచుకుని ఉంటాయి. బడి ఒక పక్క, ఇళ్లు ఇంకో పక్క. వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, ఎందుకంటే ఊళ్లో కల్లాలకు చోటు మిగల్లేదు.

ఇలాంటి ఊళ్లో రోడ్డు మంజూరైందంటే ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. పాత తారు తొలగించకుండా దాని మీదే కొత్త పొర వేస్తారు. రెండు మూడు సార్లు అలా వేసేసరికి రోడ్డు లేచి, ఇంటి గడప పల్లంలో పడుతుంది. వాన పడితే రోడ్డు నీళ్లు అరుగు ఎక్కుతాయి. తర్వాత డివైడర్ వస్తుంది, సెంట్రల్ లైటింగ్ వస్తుంది. ఏ నాయకుడి హామీల్లోనైనా ఈ రెండూ ముందుంటాయి, ఫోటోలో బాగుంటాయి కాబట్టి. డివైడర్‌కు ఎక్కడ సందు వదలాలో ఊరివాళ్లను అడగరు. బడి పిల్లలు ఎదురుగా కనిపించే బడికి అర కిలోమీటరు చుట్టి వెళ్లరు, డివైడర్ ఎక్కి దూకుతారు. అవతలి వరసలో లారీ ఎనభై మీద వస్తుంటుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది నడుస్తున్నవాళ్లే. నడిచేవాళ్లూ వాహనాలూ కలిసే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాలు ఒక ప్రకటన చేశాయి. బోర్డు పెడితే వేగం తగ్గదు. రోడ్డు ఆకారమే తగ్గించాలి: ఊరి మొదట్లో వరస కొంచెం సన్నబడాలి, బడి ముందు దాటే చోటు ఎత్తుగా ఉండాలి, మలుపు బిగువుగా తిరగాలి. డ్రైవరుకు ఊరొచ్చిందని చక్రాలకే తెలియాలి.

కొత్తగూడెం సింగరేణి ఊరు. ఇక్కడి రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. రామయ్య దర్శనానికి అక్కడ దిగినవాళ్లకు ఇంకా 40 కిలోమీటర్లు రోడ్డే గతి. ఆ రోడ్డు జాతీయ రహదారి 30. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో మొదలై రాయ్‌పూర్, జగ్దల్‌పూర్, కుంట మీదుగా గోదావరి దాటి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా పోయే దారి. ఒకప్పుడు మనకు 221గా తెలిసిన రోడ్డు ఇదే.

రోడ్డు బాగుపడటానికి రోడ్డే వేయనక్కర్లేదని కొత్తగూడెం నేర్పింది. సత్తుపల్లి గనుల బొగ్గు ఏళ్ల తరబడి టిప్పర్లలో ఊళ్ల మీదుగా వచ్చేది. దారి పొడవునా దుమ్ము, గుంతలు, చావులు. సింగరేణి, రైల్వే కలిసి 54 కిలోమీటర్ల కొత్తగూడెం–సత్తుపల్లి లైను వేశాక ఆ బొగ్గు పట్టాలెక్కింది. ఏ రోడ్డు విస్తరణా ఇవ్వని ఊరట ఆ ఊళ్లకు దొరికింది. భద్రాచలం మీదుగా మల్కన్‌గిరి వెళ్లే రైలు మార్గానికి 2024లో కేంద్రం ఒప్పుకుంది. దాన్ని కూడా రోడ్డు పథకంగానే లెక్కలోకి తీసుకోవాలి.

2025లో కొత్తగూడెం, పాల్వంచలను, సుజాతనగర్ పంచాయతీలను కలిపి కార్పొరేషన్ చేశారు. రెండు ఊళ్లనూ కలిపేది ఈ జాతీయ రహదారే. ఇప్పుడది ఒకే నగరానికి నడిమి వీధి. థర్మల్ స్టేషన్ షిఫ్టు కార్మికులు, కాలేజీ పిల్లలు, షేర్ ఆటోలు అందరూ దాని మీదే. కొత్త కార్పొరేషన్ మాస్టర్ ప్లాన్‌లో గీయాల్సిన మొదటి గీత ఈ వీధి అడ్డుకోత. ఎన్ని మీటర్లు బస్సుకు, ఎన్ని నడకకు, ఎన్ని కాల్వకు, ఎన్ని చెట్టుకు అన్నది ఇవాళ రాసుకోకపోతే పదేళ్ల తర్వాత కట్టడాలే ఆ లెక్క తేల్చేస్తాయి.

పాల్వంచ దాటితే అడవి గాలి తగులుతుంది. పెద్దమ్మ గుడి దగ్గర లారీలు ఆగి కొబ్బరికాయ కొట్టి కదులుతాయి. ఎడమ వైపు 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం. కిన్నెరసానిని దాటి దారి సారపాక చేరుతుంది. అక్కడి కాగితం మిల్లుకు సుబాబుల్, జామాయిల్ కర్ర తెచ్చే లారీలు రోడ్డు అంచునే ఆగుతాయి. వాటికి నిలిచే చోటు రోడ్డు పక్కన గీస్తే రాత్రిపూట వెనక నుంచి గుద్దుకునే బైకులు సగం తగ్గుతాయని డ్రైవర్లే అంటారు.

ఆ తర్వాత గోదావరి. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన అరవై ఏళ్లుగా మోస్తూనే ఉంది. పక్కన రెండో వంతెన 2015లో మొదలై 2024 ఏప్రిల్‌లో శ్రీరామనవమి ముందు వాడకంలోకి వచ్చింది. 1986 ఆగస్టులో ఇక్కడ నీటిమట్టం 75.6 అడుగులు. 2022 జులైలో 71.3 అడుగులు చేరినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మూడు రాష్ట్రాలను కలిపే దారి నిలిచిపోయింది. ఇక్కడ రోడ్డు ఎత్తును నిర్ణయించేది ఇంజినీరు కాదు, గోదావరి.

భద్రాచలం ఇంత పేరున్న ఊరు, కానీ మున్సిపాలిటీ కాదు, గ్రామ పంచాయతీ. అయిదో షెడ్యూలు ప్రాంతాలకు రాజ్యాంగంలోని మున్సిపల్ భాగం నేరుగా వర్తించదు. పార్లమెంటు విడిగా చట్టం చేయాలి, అది ఇప్పటికీ రాలేదు. భూమి మీద 1/70 చట్టం ఉంది. గిరిజనుల భూమి చేతులు మారకుండా కాపాడే గోడ అది. దాన్ని కదిలించకూడదు. కానీ ఏటా లక్షల భక్తులు వచ్చే ఊరికి ఒక పంచాయతీ కార్యదర్శి చేతిలో ఉన్న అధికారంతో వీధులు, కట్టడాలు అదుపులో ఉంటాయా? 2025 మార్చిలో గుడికి దగ్గర్లో కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. నియమం రాసి, అమలు చేసే మనుషుల్ని ఇవ్వకపోతే జరిగేది ఇదే. ఇప్పుడు గుడి చుట్టూ మాడ వీధుల విస్తరణ నడుస్తోంది. దేవుడి రథం తిరగడానికి ఎంత వెడల్పు కావాలో మన శిల్పులకు ఏనాడో తెలుసు. ఆ కొలతతోపాటు చంటిపిల్లతో వచ్చే తల్లికి, చక్రాల కుర్చీలో వచ్చే పెద్దాయనకు కావాల్సిన కొలత కూడా ఆ ప్లానులో ఉండాలి.

ఊరు దాటి చర్ల రోడ్డు పట్టుకుంటే ఇంకో చిక్కు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణలో మిగిలింది. దుమ్ముగూడెం, పర్ణశాల, చర్ల వెళ్లాలంటే మధ్యలో ఆంధ్ర పంచాయతీల గుండా పోవాలి. ఒకే రోడ్డుకు రెండు రాష్ట్రాల శాఖలు. గుంత ఎవరిదన్న ప్రశ్న తేలేసరికి వానాకాలం అయిపోతుంది.

రోడ్డు ఆగిపోయాక అడవిలో గుత్తికోయ గూడేలున్నాయి. పురిటి నొప్పులొచ్చిన మనిషిని డోలీలో మోసుకుని అంబులెన్స్ వచ్చే దాకా నడవాల్సిన ఊళ్లు అవి. గ్రామ సడక్ యోజనలో ఏజెన్సీకి సాధారణంగా జనాభా హద్దు 250. ఇరవై ముప్ఫై గడపల గూడెం ఆ లెక్కకు ఆనదు. అటవీ చట్టం అడ్డమని ఫైలు ఆగుతుంది. కానీ 2006 అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షన్, గ్రామసభ సిఫారసు ఉంటే హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా, రోడ్డు వంటి 13 రకాల అవసరాలకు ఇవ్వవచ్చని చెప్పింది. ఆ గూడేనికి నాలుగు వరసలు అక్కర్లేదు. వాగు మీద ఒక చప్టా, 108 వాహనం తిరగగలిగే దారి చాలు. అడవి నిలబడుతుంది, మనిషీ నిలబడతాడు.

ఈ దారి మొత్తం చూశాక నాకు తేలిందొకటే. ఖమ్మంలో ఫుట్‌పాత్ లేనివాళ్లదీ చర్ల అడవిలో డోలీ మోసేవాళ్లదీ ఒకే సమస్య. రోడ్డును వాహనాల సంఖ్యతో కొలుస్తున్నాం, అందుకే వాహనం లేనివాడు లెక్కలోకి రాడు. ఏజెన్సీలో భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 పీసా చట్టం చెబుతోంది. ఆ పద్ధతిని ఏజెన్సీకే ఎందుకు పరిమితం చేయాలి? ఖమ్మం నుంచి చర్ల దాకా ఏ ఊళ్లో రోడ్డు టెండరు పిలిచినా, ముందు రహదారి ఇంజినీరు, పంచాయతీ లేదా మున్సిపల్ అధికారి కలిసి ఆ ఊరివాళ్లతో ఆ చివర నుంచి ఈ చివర దాకా నడవాలి. ఎక్కడ దాటుతారు, ఎక్కడ నీళ్లు నిలుస్తాయి, బస్సు ఎక్కడ ఆగాలి అన్నది అక్కడే ప్లాను మీద గీసి అందరితో సంతకం పెట్టించాలి. ఆ సంతకాలు లేని ప్లానుకు డబ్బు విడుదల చేయకూడదు. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక జీవో చాలు.