ఒక్కడు మిగిలితే

 

దసరా సెలవుల తర్వాత మన ఫుట్‌బాల్ జట్టులో నలుగురు తిరిగి రాలేదు. ఒకడు పత్తి ఏరడానికి పోతున్నాడంట. ఇద్దరు మేస్త్రీ వెంట పనికి పోయారంట. నాలుగోవాడి సంగతి తెలీదు. వాళ్ళ ట్రంకు పెట్టెలు ఇంకా మన గదిలోనే ఉన్నాయి. నేను కెప్టెన్ని. "ఈ ఏడు జట్టు వద్దు సార్" అని పి.ఇ.టి. సారుతో అన్నాను. సారు తిట్టలేదు. గ్రౌండు పక్కన కూర్చోబెట్టి కలుషా బ్వాల్యా గురించి చెప్పారు.

ఆఫ్రికాలో జాంబియా అనే దేశం ఉంది. అక్కడ ముఫులిరా అనే రాగి గనుల ఊరిలో 1963లో కలుషా పుట్టాడు. గోల్స్ కొట్టడంలో దిట్ట. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జాంబియా ఇటలీని 4-0తో ఓడించింది. అందులో 3 గోల్స్ ఇతనివే. ఆ ఏడాది ఆఫ్రికా ఉత్తమ ఆటగాడు అయ్యాడు. తర్వాత నెదర్లాండ్స్‌లో పెద్ద క్లబ్బుకు ఆడాడు.

1993 ఏప్రిల్ 27న జాంబియా జట్టు ప్రపంచ కప్పు అర్హత పోటీకి సెనెగల్ బయలుదేరింది. దారిలో గాబన్ దేశంలోని లిబ్రవిల్‌లో ఆగి, మళ్ళీ లేచిన కాసేపటికే విమానం సముద్రంలో కూలింది. 30 మందీ చనిపోయారు. అందులో 18 మంది ఆటగాళ్ళు. కోచ్ గాడ్‌ఫ్రే చిటాలు కూడా పోయాడు. ఆయన కూడా ఒకప్పుడు గొప్ప స్ట్రైకరే. కలుషా నెదర్లాండ్స్ నుంచి వేరుగా రావలసి ఉంది. అందుకే బతికాడు.

కొత్త కుర్రాళ్ళతో జట్టు కట్టారు. కలుషాయే కెప్టెన్. 1994లో ఆఫ్రికా కప్పు ఫైనల్ దాకా వెళ్ళి, నైజీరియా చేతిలో 2-1తో ఓడిపోయారు.

తర్వాత చిటాలు చేసిన కోచ్ పని కలుషాకే వచ్చింది. 2004లో లైబీరియాతో ఆట. ఎంతసేపటికీ గోల్ పడటం లేదు. 41 ఏళ్ళ కోచ్ తానే బూట్లు కట్టుకుని దిగాడు. చివరి నిమిషాల్లో ఫ్రీ కిక్‌తో గోల్ కొట్టి 1-0తో గెలిపించాడు! 2006 ఆఫ్రికా కప్పులో మాత్రం జట్టు మొదటి రౌండు దాటలేదు. కోచ్ పని వదిలేశాడు గాని, ఆటను వదల్లేదు. తమ దేశపు ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన అధ్యక్షుడిగా ఉండగానే 2012లో జాంబియా మొదటిసారి ఆఫ్రికా కప్పు గెలిచింది. ఫైనల్ ఎక్కడ జరిగిందో తెలుసా? ఆ లిబ్రవిల్‌లోనే. ఆటకు ముందు కుర్రాళ్ళు సముద్రపు ఒడ్డుకు పోయి పూలు పెట్టి వచ్చారు.

ఇది విని నాకు ధైర్యం వచ్చింది. రేపటి నుంచి 8వ తరగతి తమ్ముళ్ళతో ప్రాక్టీసు మొదలు.

కానీ రాత్రి నిద్ర పట్టలేదు. సెలవులకు పోయే ముందు ఆ నాలుగోవాడు "ఈసారి రానేమోరా" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఎందుకురా అని అడగలేదు. అది నా తప్పే.

కలుషా ఎంత పెద్దవాడైనా తనవాళ్ళను మళ్ళీ పిలుచుకోలేడు. మనవాళ్ళు బతికే ఉన్నారు కదా! వార్డెన్ సార్, వచ్చే ఆదివారం నన్ను, ఇంకొకరిని పంపండి. వాళ్ళ ఇళ్ళకు పోయి అమ్మానాన్నలతో మాట్లాడి వస్తాం. ఒక్కడు వచ్చినా చాలు. మిగతా ముగ్గురి కోసం మళ్ళీ పోతాం.

ఇట్లు
10వ తరగతి విద్యార్థి