నువ్వే రాశావా?

మా చిన్నమ్మాయి ఎమ్మెస్సీ న్యూట్రిషన్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు రాగి దోసెపిండి మీద. మూడు నెలలు మా వంటింటి గట్టు మీద నాలుగు గిన్నెలు వరసగా ఉండేవి. ఒక్కోదానికి ఒక చీటీ, కింద "అమ్మా, మూత తియ్యకు" అని. ఓ రోజు మరిచిపోయి మూడో గిన్నె పిండితో దోసెలు పోసేశాను. ఇంట్లో యుద్ధమే! ఆ ప్రాజెక్టు ఎవరు చేశారో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

అయినా ఆ సాయంత్రం నోరు జారాను.

కాలేజీ నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. రిపోర్టుని సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పోలికలు 9 శాతం అని వచ్చిందట. అది ఫర్వాలేదు, యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు. పక్కనే ఇంకో అంకె ఉంది: ఏఐ రాసింది 46 శాతం.

"నిజం చెప్పు, నువ్వే రాశావా?" అన్నాను.

నా వంక ఒక్క చూపు చూసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

రాత్రి పెరుగన్నం కలిపి తీసుకెళ్తే అప్పుడు చెప్పింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం కదా, మొదటి అధ్యాయంలో తన ఇంగ్లీషు బాగాలేదని భయపడి చాట్‌జీపీటీతో తప్పులు దిద్దించుకుందట. అదొక్కటే. విచిత్రమేమిటంటే, ఎక్కువ రంగు పడింది దానికి కాదు, పూర్తిగా తనే రాసుకున్న ప్రయోగం అధ్యాయానికి. చిన్న చిన్న వాక్యాలు, పాఠ్యపుస్తకంలో ఉండే మాటలు.

మా పెద్దమ్మాయి ఫోన్లో విడమరిచి చెప్పాక గాని నాకు అర్థం కాలేదు. ఇవి రెండూ వేరు వేరు పనులట. పోలికలు చూసేది మన రాతని పాత వ్యాసాలతో, వెబ్ పేజీలతో సరిచూస్తుంది. ఈ వాక్యం ఫలానా చోట ఉంది అని చూపిస్తుంది, మనం తెరిచి చూసుకోవచ్చు. ఏఐ అంకెకి అలా చూపించడానికి ఏమీ ఉండదు. తర్వాతి మాట ఏదో ఎంత తేలిగ్గా ఊహించవచ్చు లాంటివి చూసి కట్టే అంచనా అది. పరాయి భాషలో రాసేవాళ్ళు తెలిసిన నాలుగు మాటలతోనే జాగ్రత్తగా రాస్తారు కదా, అక్కడే దొరికిపోతారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఇలాంటి ఏడు సాధనాలకు ఇస్తే, సగటున సగానికి పైగా ఏఐ రాతలే అన్నాయట. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా ఇలాంటిదొకటి తెచ్చి, సరిగ్గా చెప్పలేకపోతోందని అదే ఏడాది జూలైలో ఆపేసింది.

మరి అసలు దొంగలో? క్లాసులో ఒకరు ఏదో వెబ్‌సైట్లో ఉన్నదంతా తీసి, మాటలు మార్చే యాప్‌లో వేసి ఇచ్చారట. పోలికలు 3 శాతం! ఇలా మార్చిన రాతలు పరిశోధన పత్రికల్లోకీ వెళ్ళాయి. బ్రెస్ట్ క్యాన్సర్‌ని 'బూజమ్ పెరిల్' అని మార్చేశాయట ఆ యాప్‌లు, అంటే ఎదకొచ్చిన గండం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలాంటి మాటలు మనిషి చదివితే ఇట్టే పట్టుబడతాయి.

మర్నాడు వాళ్ళ గైడ్ మేడమ్ దగ్గరికి నోట్‌బుక్ పట్టుకెళ్ళమన్నాను. పేజీల నిండా పిండి మరకలే. గూగుల్ డాక్స్‌లో ఏ రోజు ఏ ముక్క రాసిందో పాత ప్రతులన్నీ ఉంటాయి, అవీ చూపించింది. మేడమ్ ఓపిగ్గా తిరగేసి, ఒక చోట ఆగి అడిగారట, "మూడో గిన్నెకి పదిహేనో రోజు రీడింగ్ లేదేం?"

"మా అమ్మ దోసెలు పోసేసింది మేడమ్."

ఆవిడ పడీ పడీ నవ్వారట. మొదటి అధ్యాయంలో భాష దిద్దడానికి ఏఐ వాడినట్టు ఒక వాక్యం చేర్చమని, రిపోర్టు మీద సంతకం పెట్టారు.

అది ఇంటికొచ్చి ఇదంతా వాళ్ళ నాన్నకి చెప్పింది, నాకు కాదు. నేను పొయ్యి దగ్గర నిలబడి విన్నాను. ఆదివారం దోసెలకి ఫ్రిజ్‌లోంచి పిండి గిన్నె తీస్తూ, "ఇది వాడుకోవచ్చా?" అని అడిగాను. "తీసుకోమ్మా" అంది, ఫోన్లోంచి తలెత్తకుండానే.