మంచెమీద ఒక పగలు

తిరుత్తణి స్వామి పెండ్లికథ మన యిళ్లలో తెలియనివారుండరు. వల్లి మంచెమీద కూర్చుని ఒడిసెల త్రిప్పుతూ కొర్రచేను కాస్తుంటే, స్వామి వేటగాడి వేషంలో విల్లు పట్టుకుని వచ్చాడట. కాచే మనిషి మంచెమీద, వేటాడే మనిషి క్రింద. నేను చూచిన మంచెమీద మాత్రం ఆ యిద్దరూ ఒక్కడే.

తిరుత్తణి దగ్గర కొండక్రింద మా తాతకు రెండెకరాల మెట్ట వుండేది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రనుంచి మద్రాసు రాష్ట్రానికి మారినప్పుడు ఆ మెట్ట కూడా వున్నచోటనే వుండి రాష్ట్రం మారింది. తాత మాత్రం పద్దులు కడదాకా తెలుగులోనే వ్రాశాడు. వేరుసెనగ వేసిన ఏడు కాపలాకు ఒక విల్లివారి ముసలాయన వచ్చేవాడు. మా ప్రక్క యిరుళవారిని విల్లివాళ్లంటారు. విల్లు ఆ పేరులోనే వున్నది. వయసులో ఆయన ఆ చింతచెట్టు మీదినుంచే దుప్పుల్ని కొట్టినవాడట. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక విల్లు మానుకుని ఒడిసెల పట్టాడు.

1991లో, క్వార్టర్లీ పరీక్షల సెలవులు. నాకు పదకొండేళ్లు. వేట యెట్లా వుంటుందో చూపించమని ఆయన ప్రాణం తీశాను.

"చూసేదానికి యేముంది చిన్నసామీ, కూర్చునేదే వేట" అన్నాడు.

తెల్లవారకముందే మంచె యెక్కాము. చద్దిసంగటిలోకి నేను తెచ్చుకున్న ఉల్లిపాయ క్రిందనే పారవేయించాడు, వాసనట. తానూ ఆ పూట పొగాకు ముట్టలేదు. పొద్దెక్కితే గాలి కొండమీదికి పోతుంది, మన వాసన దుప్పికి ముందే చేరుతుంది. పొద్దువాలి చల్లబడితే అదే గాలి క్రిందికి జారుతుంది, అప్పుడు దిగుతాయి అన్నాడు. దుప్పి తల యెత్తి చెట్టువంక చూడటం అరుదు, కాని ఆకు కదిలినంత కదిలినా పట్టేస్తుందట. పదిహేను గజాల్లోకి రానిదే బాణం వదలకూడదు. తగిలినా వెంటనే దిగకూడదు; వక్క నమిలేంతసేపు ఆగాలి. తరిమితే దెబ్బతిన్నది యెక్కడికో పోయి చస్తుంది, యెవరికీ దక్కదు.

ఇదంతా గుసగుసగా, గంటకొక మాట చొప్పున చెప్పాడు. తక్కిన కాలమంతా మాటే లేదు. నా కాళ్లు తిమ్మిరెక్కినవి. చీమలు కుట్టినవి. మధ్యాహ్నానికి యేడుపు వచ్చింది గాని, అడిగినవాణ్ణి నేనే గదా!

పొద్దు వాలింది. గాలి ముఖానికి తగిలింది. నాలుగు దుప్పులు, వెనుక ఒక పిల్ల, ఎప్పుడు వచ్చినవో తెలియలేదు, చేనులో వున్నవి. ముసలాయన యెడమచెయ్యి మెల్లగా ముందుకు చాచాడు. కుడిచేతిని చెవిదాకా లాగాడు. చేతుల్లో యేమీ లేదు. ఊపిరి బిగబట్టి అట్లాగే చాలాసేపు వున్నాడు. తరువాత చెయ్యి దించి, ఒళ్లోని ఒడిసెల తీసుకుని నావంక చూచాడు.

నేను వద్దని తల ఊపాను.

ఆయన రాయి పెట్టలేదు. చీకటి పడేదాకా అవి మేస్తూనే వున్నవి, మేము చూస్తూనే వున్నాము.

తెల్లవారి తాత వచ్చాడు. నాలుగు సాళ్లు మొదలంటా కొరికి వున్నవి. ఊడలు దిగి కాయ పట్టే అదను అది. విత్తనాలకు చేసిన అప్పు ఆ చేనుమీదనే తీరాలి. తాత చెడ్డవాడు కాడు గాని, అప్పున్నవాడు.

"యేమిరా, కాపలా కాసింది యిదేనా?"

"కన్ను మూసుకపాయ సామీ" అన్నాడు ముసలాయన.

తాత ఆ నెల కూలిలో రెండు కుంచాల రాగులు పట్టుకున్నాడు. నేను మజ్జిగచెంబుతో ప్రక్కనే నిలబడి వున్నాను. ముసలాయన నావంక చూడనైనా లేదు. మరుసటి ఏడు ఆయన కాపలాకు రాలేదు.

ఇప్పుడు తిరువళ్లూరులో ఆఫీసు గుమాస్తాను. ఆడికృత్తికకు కొండకు పోయినప్పుడల్లా ఆ ప్రక్కగా వెళ్లివస్తాను. చింతచెట్టు లేదు. చేను నిండా యిండ్లస్థలాల రాళ్లు.

తాత మంచంలో వున్న రోజుల్లో ఒకసారి వేరుసెనగ మాట వచ్చింది. చెప్పేద్దామని దగ్గరికి జరిగాను.

"ఆ విల్లి ముసలోడు మంచోడేరా, నిద్రొకటే వానికి" అన్నాడు తాత.

నేను అవునన్నాను.