ఉప్పు లెక్క రాసిన కెప్టెన్, కంచె వెనక జగర్గుండా

భద్రాచలం నుంచి కుంట మీదుగా వచ్చేవారు దోర్నపాల్‌లో జాతీయ రహదారి వదిలి ఎడమకు తిరగాలి. అక్కడి నుంచి జగర్గుండా 56 కిలోమీటర్లు. పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్నార్, నర్సాపురం. పేర్లు వింటే ఖమ్మం జిల్లాలో ఏదో మండలం దాటుతున్నట్టే ఉంటుంది. నిజానికి ఈ ఊళ్లలో సగం బంధుత్వాలు శబరి, గోదావరి అవతలే ఉన్నాయి. దోర్లాలు మాట్లాడే మాటలో తెలుగు పాలు ఎంతో చెప్పడం కష్టం. కానీ ఈ పేర్లు తెలుగు పత్రికల్లోకి బంధుత్వాల వల్ల రాలేదు, మృతుల సంఖ్యల వల్ల వచ్చాయి. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర 25 మంది. కొంతకాలం ఈ 56 కిలోమీటర్లను దేశంలోనే అత్యంత ప్రమాదకరమైన దారి అన్నారు.

అంతకు ముందు జగర్గుండా అంటే చింతపండు. మూడు దారులు కలిసే చోటు కనుక చుట్టుపక్కల పల్లెల చింతపండు, ఇప్పపువ్వు, తునికాకు అన్నీ ఇక్కడి సంతకు దిగేవి. దోర్నపాల్ దారి కాక ఒకటి అరన్‌పూర్ మీదుగా దంతెవాడకు, ఒకటి సిల్గేర్, తర్రెం దాటి బాసగూడకు పోతుంది. వ్యాపారులు, లారీలు, ఒక గ్రామీణ బ్యాంకు, హాస్టల్ ఉన్న బడి. బస్తర్ అడవి మధ్యలో ఇది చిన్న పట్నం కిందే లెక్క. 2001లో మావోయిస్టులు బ్యాంకు దోచారు. బ్యాంకు మూతపడింది.

2005 జూన్‌లో ఇంద్రావతి దగ్గరి కుట్రు ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. ఏడాది రెండేళ్లలో జగర్గుండా శిబిరంగా మారింది. చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. ఊరి చుట్టూ ముళ్లకంచె వేశారు, గేట్లు పెట్టారు, గేటు దగ్గర కాపలా. ఉదయం తెరవాలి, చీకటి పడకముందే మూయాలి. తన పొలానికి తాను పోవాలన్నా పోలీసుకు చెప్పి పోవాలి. అటు మావోయిస్టులు రోడ్లు తవ్వేశారు, వంతెనలు పేల్చారు. దాంతో ఊరు రెండు వైపులా మూసుకుపోయింది. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవి. వందలాది జవాన్లు ముందు నడిచి మందుపాతరలు వెతికితే, వెనక లారీలు కదిలేవి. వర్షాలు పడకముందు ఆ బండ్లు రాకపోతే ఊరికి నాలుగు నెలలు గండమే.

ఇలాంటి యుద్ధం అడవిలోనే కాదు, కాగితం మీద కూడా నడుస్తుంది. లారీల జాబితా, రేషన్ లెక్క, గేటు దగ్గర పేర్లు, ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట చేర్చుకున్న కుర్రాళ్ల జీతాల పట్టీ. కాల్పుల వార్త మనకు వెంటనే తెలుస్తుంది. మనుషులు ఎలా బతికారన్నది మాత్రం ఈ చిల్లర కాగితాల్లోనే ఉంటుంది. బస్తర్ విషయంలో ఆ మాటకు తొలి సాక్ష్యం 230 ఏళ్ల నాటిది, అదీ ఒక సైనికుడు రాసిందే.

ఆయన పేరు కెప్టెన్ జేమ్స్ టిలియర్ బ్లంట్, ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో ఇంజనీరు. సర్ జాన్ షోర్ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజులవి. బెంగాల్ నుంచి ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తాకు, నడిమి అడవుల గుండా దారి ఉందా లేదా చూసి రమ్మని 1795లో పంపారు. కాశీకి దగ్గరలోని చునార్ కోటలో బయల్దేరి ఏలూరు సర్కారులోని యర్నగూడెం దాకా ఆయన చేసిన ప్రయాణం దినచర్య రూపంలో మిగిలింది. ఇవాళ ఎన్ని మైళ్లు, ఏ వాగు దాటాం, ఏ ఊళ్లో దిగాం, గింజలు దొరికాయా, దారి చూపేవాడు పారిపోయాడా. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తన పరిశోధనల సంపుటి ఏడో భాగంలో దాన్ని అచ్చువేసింది. యర్నగూడెం పేరును కెప్టెన్ పలికిన తీరు చూస్తే గోదావరి జిల్లాలవారికి నవ్వొస్తుంది.

బ్లంట్ జగర్గుండా చూడలేదు. చూడలేకపోయిన ప్రాంతంలో అది ఉంది. రతన్‌పూర్, రాయపూర్ దాటి కాంకేర్ చేరినప్పుడే బస్తర్ దారి పట్టుకోవద్దని ఆయనకు హెచ్చరికలు అందాయి. అప్పటికి బస్తర్ రాజు దరియావ్ దేవ్. అన్నదమ్ముల పోరులో గెలిచి, 1778 కోట్‌పాడ్ ఒప్పందంతో నాగపూర్ భోంస్లేలకు కప్పం కట్టడానికి తలొగ్గినవాడు. కెప్టెన్ పడమరగా చుట్టు తిరిగి భూపాలపట్నం వైపు నుంచి లోపలికి రాబోయాడు. గోండులు అడ్డుపడ్డారు, దాడి జరిగింది. ఆయన వెనక్కి తగ్గి, గోదావరి అవతల నిజాం ఇలాకా పట్టుకుని, పాల్వంచ అడవుల మీదుగా కోస్తాకు దిగాడు. ఆ విధంగా ఆయన దారి దక్షిణ బస్తర్ చుట్టూ తిరిగింది తప్ప మధ్యలోంచి పోలేదు.

ఆ దినచర్యలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దాడి కాదు, ఉప్పు. బంజారాలు కోస్తా నుంచి ఎద్దుల మీద ఉప్పు తెచ్చి నాగపూర్, ఛత్తీస్‌గఢ్ వైపు తీసుకుపోయేవారు. గోండులు ఆ ఉప్పు, చక్కెర రుచి మరిగాక వాటికోసం లక్క, ఇనుపరాయి వంటివి సేకరించి ఇవ్వడం మొదలుపెట్టారని, అంతకు ముందు ఎవరి పనికీ లొంగేవారు కారని బ్లంట్ రాసుకున్నాడు. నాగరికత నేర్పింది ఉప్పేనన్న అభిప్రాయం అందులో ధ్వనిస్తుంది. కెప్టెన్ మెచ్చుకోలుగా రాసిన ఆ వాక్యాన్ని 2006 తర్వాతి జగర్గుండా తెలిసినవాళ్లు అలా చదవలేరు. జుడుం రోజుల్లో అడవిలోకి సరుకు పోతుందని వారసంతలే మూయించారు. ఉప్పు ఎంత కొన్నావు, ఇంట్లో ఎందరు, మిగతాది ఎవరికి అని అడిగారు. ఉప్పు ఎవరి చేతిలో ఉంటే అడవి మనిషి వారి మాట వింటాడన్న సంగతిని బ్లంట్ 1795లోనే కాగితం మీద పెట్టాడు.

అదే తరంలో సముద్రానికి అవతల జార్జి వాషింగ్టన్ అనే సేనాని కూడా రోజూ ఇలాంటివే రాస్తూ పోయాడు. 1777-78 చలికాలంలో వ్యాలీ ఫోర్జ్ నుంచి ఆయన పంపిన ఉత్తరాల్లో వ్యూహాల కన్నా బూట్లు, దుప్పట్లు, మాంసం, పిండి గురించిన గోడు ఎక్కువ. తిండి పంపకపోతే సైన్యమే ఉండదని కాంగ్రెస్‌కు తేల్చి రాశాడు. జీతం వద్దన్న మనిషి, ఖర్చులు మాత్రం తన చేత్తో రాసి 1783లో లెక్క అప్పజెప్పాడు. యుద్ధం సాగుతుండగానే రిచర్డ్ వేరిక్ అనే సహాయకుడిని పెట్టి ఉత్తరాలన్నీ 44 సంపుటాలుగా నకలు రాయించాడు. యార్క్‌టౌన్‌లో 1781లో ఆయన సేనకు లొంగిపోయిన కార్న్‌వాలిసే తర్వాత మనకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఆయన తర్వాత వచ్చిన షోర్ హయాంలోనే బ్లంట్ బయల్దేరింది. ప్రపంచం అప్పుడూ చిన్నదే. వాషింగ్టన్ రాసిన చిన్న చీటీ కూడా పోకుండా అచ్చులో తెచ్చే పని వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1960ల చివర మొదలై దశాబ్దాలుగా సాగుతోంది. గెలిచినవాళ్ల చాకలి పద్దు కూడా చరిత్రే.

బస్తర్‌లో తిరగబడినవాళ్లకు ఆ భాగ్యం లేదు. 1910 భూమ్‌కాల్‌లో నేతానార్ గుండాధుర్ పేరిట ఊరూరా తిరిగినవి ఉత్తరాలు కావు. మామిడి కొమ్మ, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణం. అందుకున్న ఊరు తన వంతు చేర్చి పక్క ఊరికి పంపాలి. చదువు రానివాడు కూడా అపార్థం చేసుకోలేని జాబు అది. తిరుగుబాటును అణచినా గుండాధుర్ మాత్రం దొరకలేదు. మామిడి కొమ్మలు ఎండిపోయాయి. మనకు మిగిలింది అణచినవారి దస్త్రాలే. అంతకు ముందు 1862లో బస్తర్ మీద నివేదిక రాసిన గ్లాస్‌ఫర్డ్ కూడా కెప్టెనే.

ఇటీవలి ఇరవై ఏళ్లకు వస్తే కాగితాలకు కొదవ లేదు. అవి ఎవరి పక్షాన పనిచేశాయన్నదే ప్రశ్న. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో చంపిన మనిషి శవం పక్కన మావోయిస్టులు వదిలిన చీటీ ఒక రకం కాగితం. దానికి అప్పీలు లేదు. ఎఫ్ఐఆర్ మరో రకం. బుర్కాపాల్ దాడి తర్వాత చుట్టుపక్కల పల్లెల నుంచి పట్టుకెళ్లిన ఆదివాసీల్లో 121 మందిని దంతెవాడ కోర్టు 2022 జులైలో నిర్దోషులుగా వదిలింది. అప్పటికి అయిదేళ్లు జైల్లోనే గడిచాయి. పేరు ఎక్కడానికి ఒక్క పూట, చెరగడానికి అయిదేళ్లు. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం కాలాయి. తాడ్‌మెట్లలోనే 160 ఇళ్లు కాలాయని, ఆ పని చేసింది ప్రత్యేక పోలీసు అధికారులని సీబీఐ 2016లో అభియోగపత్రంలో చెప్పింది. ఇల్లు కాలితే గాదెలో వడ్లతోపాటు ఇంట్లో ఉన్న కాగితం ముక్క కూడా పోతుంది. ఆ ఏడాది జులై 5న సుప్రీంకోర్టు ఆదివాసీ కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చే ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ఈ కేసులో నిజం బయటికి వచ్చిందంటే కారణం పిటిషన్లు, వాంగ్మూలాలు, ఒట్టి లెక్కలు. అందుకే జగర్గుండా గేటు పుస్తకాలు, కాన్వాయ్ జాబితాలు, రేషన్ పట్టీలు పాత సామాను కింద పోకూడదు. వాషింగ్టన్ పిండి లెక్కను దాచినంత శ్రద్ధగా వాటినీ దాచాలి. ఎవరు కంచె లోపల ఉన్నారు, ఎవరు మానేశారు, ఎవరికి ఎన్ని కిలోలు అందాయి అన్నది రేపటివాళ్లు అడుగుతారు.

ఊరు మాత్రం మారుతోంది. 2019లో బడి మళ్లీ తెరిచారు. దోర్నపాల్ దారి క్యాంపుల కాపలాలో ముక్కలు ముక్కలుగా పూర్తయింది. బాసగూడ దారికి ఇంత సులువుగా పని కాలేదు. 2021 మేలో సిల్గేర్‌లో కొత్త క్యాంపు మీద నిరసనకు దిగిన జనంపై 17వ తేదీన కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. అక్కడ జనం నెలల తరబడి కూర్చున్నారు. రోడ్డు వద్దని కాదు, క్యాంపు వద్దని, అడగకుండా వేయొద్దని వాళ్ల మాట. 2025 మే 18న ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ ప్రారంభమైంది. 2001 దోపిడీ తర్వాత ఊళ్లోకి బ్యాంకు రావడం అదే. రాష్ట్ర ఆర్థిక మంత్రి స్వయంగా వచ్చారు. అదే ఏడాది నవంబరు 18న ఈ ప్రాంతపు పూవర్తికి చెందిన మావోయిస్టు కమాండర్ హిడ్మా మన మారేడుమిల్లి అడవుల్లో కాల్పుల్లో మరణించాడు.

చింతపండు పని మార్చి, ఏప్రిల్ నెలల్లో సాగుతుంది. చెట్టు కింద కొట్టడం, గింజ తీయడం, ఎండబెట్టడం అన్నీ ఆడవాళ్ల చేతుల మీదే. జగర్గుండాకు ఏమైనా మళ్లీ పాత పేరు రావాలంటే అక్కడి నుంచే రావాలి, బ్యాంకు ఖాతా అయినా ఆ డబ్బుతోనే నిండాలి.

జుడుం రోజుల్లో కంచె లోపలికీ రాక, దళం వెంటా పోక, గోదావరి దాటి వచ్చేసిన వేలాది కుటుంబాలు మన వైపు ఉన్నాయి. భద్రాచలం, వరంగల్ అడవుల్లో వాళ్లను గుత్తికోయలు అంటున్నాం. మిరప కోతలకు పిలుస్తాం, పోడు కొట్టారని అటవీ శాఖవాళ్లు గుడిసెలు పీకితే చూస్తూ ఊరుకుంటాం. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగగా ఉన్నవారికి ఇక్కడ కుల ధ్రువపత్రం దొరకడం గగనం. పిల్లను బడిలో చేర్చడానికి పోతే దరఖాస్తులో స్వగ్రామం, తండ్రి పేరు, ఆధారం అని మూడు గళ్లు ఉంటాయి. మొదటి రెండూ నోటితో చెప్పగలరు.