తాళపుచెవి చెప్పిన నేరము

గడచిన శ్రావణమాసమున వరుసగా మూడు రాత్రులు మా కారు ఇరుగుపొరుగువారి నందఱిని నిద్రనుండి లేపినది. మేము హైదరాబాదులో అయిదంతస్తుల మేడయందు రెండవ యంతస్తులో నుందుము. రాత్రి ఒంటిగంట దాటగనే క్రింద హారను బిగ్గఱగా మొఱపెట్టుటయు, కిటికీలలో దీపములు వెలుగుటయు, నేను తాళపుచెవితో మెట్లు దిగుటయు జరుగుచుండెను. పై యంతస్తులో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చిన వృద్ధురా లొకామె గలదు. ఆమె గదిలో దీపము వెలుగుట చూచినపుడు నాకు తలవంపుగా నుండెడిది. నివాసస్థలములందు రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు హారను మ్రోగింపరాదని ధ్వనికాలుష్య నిబంధనలలో 2010వ సంవత్సరమున చేర్చినారు. ఆ నిబంధన నెఱిగియు దానిని మీఱుచున్నవాడను నేనే.

మూడవరాత్రి గడచి తెల్లవాఱగనే నాకు కోపము వచ్చినది. కోపమునకు ఒక మనుష్యుడు కావలెను గదా! మా కాపలాదారుని కొడుకు ఎనిమిదేండ్లవాడు. సాయంకాలములందు కారు ప్రక్కన బంతి యాడుకొనుచుండును. "నీ కొడుకే కారును తట్టి పాడుచేసినాడు" అని నలుగురి యెదుట అంటిని. అర్ధరాత్రివేళ ఆ పసివాడు నిద్రపోవుచుండునన్న మాట నాకు తోచలేదు. తండ్రి మాఱు పలుకక కొడుకును రెండు దెబ్బలు కొట్టెను. అవి నన్ను సంతోషపెట్టుటకై కొట్టిన దెబ్బలు. నేను వారింపలేదు.

ఇంటిలోనికి రాగా నా భార్య, "రెక్కాడితేగాని డొక్కాడనివాడు మీకేమి ఎదురు చెప్పగలడండీ? ముందు మన చేతిలోని తాళపుచెవిని చూడకూడదా?" అన్నది.

ఈ తాళపుచెవి వట్టి యినుపముక్క కాదు. చిన్న రేడియో ప్రసారయంత్రము. ఇట్టివి పెక్కు 433 మెగాహెర్ట్జుల ప్రాంతమున సంకేతమును పంపును. దానికి ఇంటిగోడ పెద్ద యడ్డు కాదు. గనుక మా గదిలో మేకునకు వ్రేలాడు తాళపుచెవి క్రిందనున్న కారును అఱపింపగలదు. దానిపై ఎఱ్ఱని మీట యొకటి గలదు. ఆపద వచ్చినపుడు దానిని నొక్కిపట్టినచో కారు కేకలు వేయును.

పరీక్ష సులభము. ఆ తాళపుచెవిలోని బిళ్లబ్యాటరీని తీసివేసి, బీరువాలోని రెండవ తాళపుచెవితో కారును మూసితిమి. ఆ రాత్రియు కారు మొఱపెట్టినచో దోషము కారులోనిది. బానెట్టు గొళ్లెమువద్ద స్విచ్చినో, తలుపుల స్విచ్చులనో, నీరసించిన పెద్ద బ్యాటరీనో మెకానికుచేత చూపింపవలెను. ఊరకున్నచో దోషము తాళపుచెవిది. ఆ రాత్రి కారు నోరు మెదపలేదు. నాకు మాత్రము నిద్ర పట్టలేదు.

మఱునాడు తాళపుచెవి పెంకు విప్పితిని. అంతకు వారము ముందు పాలప్యాకెట్టు చినిగి నా చేతిసంచిలో పాలు ఒలికినవి. అందులోని తాళపుచెవిని పైపైన తుడిచి ఊరకుంటిని. ఎఱ్ఱమీట రబ్బరు క్రింద ఆ పాలు ఎండి అట్టకట్టియున్నవి. వానకాలపు తేమకు అవి తడిసి, ఎవరును నొక్కకయే మీట నొక్కినట్లు విద్యుత్తునకు దారి యిచ్చియుండును. స్పిరిటులో తడిపిన దూదితో తుడిచి, బాగుగా ఆఱనిచ్చి, క్రొత్త 2032 బిళ్ల వేసితిని. దాని కొలత ఆ సంఖ్యలోనే యున్నది: అడ్డము 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు, బలము 3 వోల్టులు. నాటినుండి మా కారు అకారణముగా అఱవలేదు.

యంత్రమును బాగుచేయుటకు అరగంట పట్టినది. తక్కిన పనికి సాయంకాలమువరకు ధైర్యము చాలలేదు. నలుగురి యెదుట అన్న మాటను నలుగురి యెదుటనే తీసికొనవలెనని, అందఱు క్రింద చేరినవేళ పోయి, "తప్పు నా తాళపుచెవిది. మీ అబ్బాయి కారును ముట్టనైన లేదు. నన్ను క్షమింపుడు" అంటిని. కాపలాదారు కంగారుపడి "అంతమాట ఎందుకండీ" అనెను. పిల్లవాడు తండ్రి వెనుకనుండి తొంగిచూచి, "ఇంక బంతి ఆడుకోవచ్చా అండీ?" అని అడిగెను.

మన యిండ్లలో వస్తువు పోయినను, పాడైనను మొదట అనుమానము పనివారిమీదికే పోవుచున్నది. వారు ఎదురాడరు గనుక ఆ యనుమానమే ఋజువుగా చెల్లుచున్నది. మన సంచిని మనము వెదకుకొనుటకు ఎంతసేపు పట్టును? ఆపాటి యోపిక నాకు లేకపోయినందున ఒక పసివాడు దెబ్బలు తిన్నాడు.